కదిలే రంపపు మిల్లుకు షెడ్డు నిర్మించు విధానము

రైతు సోదరులలో చాలమంది నేడు పొలము గట్లమీద టేకు, మెట్టలలో జామాయిలు, తీరపు ఇసుక నేలలలో సరుగుడు పెంచుచున్నారు. ఇవి గాక వేప, నల్లతుమ్మ, మామిడి, తాడి చెట్లు లేని గ్రామము లేదు. అయితే చెట్టు పెంచినవానికి దక్కునది దుంగ వెల మాత్రమే. దానిని పలకలుగను, దూలములుగను కోసినవానికి దక్కునది కలప వెల. ఈ రెంటికి గల తేడా ఎంతయో ఇల్లు కట్టుకొన్న ప్రతివారికిని తెలిసినదే. ట్రాక్టరు వెనుక కట్టి తీసికొనిపోదగిన చిన్న రంపపు మిల్లులు ఇప్పుడు దొరకుచున్నవి. కావున పదిమంది రైతులు కలిసి ఒక యంత్రమును సమకూర్చుకొనుట అసాధ్యమేమియు కాదు.

దీనికి మరియొక అవసరము కూడ ఉన్నది. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటినప్పుడు ఉద్దానములో కొబ్బరి తోటలు నేలకొరగినవి. పడిన కొబ్బరి మాను తోటలోనే కుళ్లినచో కొమ్ము పురుగు అందులో గ్రుడ్లు పెట్టి వృద్ధియై, నిలిచియున్న చెట్ల మొవ్వులను తొలుచును. అంటే తుపాను పోయిన తరువాత కూడ నష్టము కొనసాగును. మానును వెంటనే కోసినచో వెలుపలి భాగమునుండి గట్టి పలకలు వచ్చును. నడిమి బెండు కట్టడమునకు పనికిరాదు గాని, పురుగుకు నివాసము మాత్రము లేకుండ పోవును. ఇట్టి పని వానలు పడుచుండగనే చేయవలసివచ్చును గనుక యంత్రముపై కప్పు తప్పనిసరి. ఎండకాలమున కూడ అంతే. మధ్యాహ్నము రెండు గంటల ఎండలో తిరుగుచున్న రంపము ప్రక్కన నిలిచినవాని కన్ను చెదరుటకు ఎంతో సేపు పట్టదు.

మొదట అనుమతి

షెడ్డుకు గుంట త్రవ్వక ముందే ఒక సంగతి తేల్చుకొనవలెను. యంత్రశక్తితో కలప కోయు చోటునంతటిని చట్టము రంపపు మిల్లుగనే చూచును. చక్రములు ఉన్నవి గదా, ఎప్పుడైన తరలించవచ్చునని వాదించిన లాభము లేదు. 1996 డిసెంబరు 12వ తేదీన సుప్రీముకోర్టు ఇచ్చిన ఉత్తరువు తరువాత ఈ విషయములో కట్టుబాట్లు మిక్కిలి గట్టిపడినవి. మీ డివిజను అటవీ అధికారికి దరఖాస్తు పెట్టి, లైసెన్సు చేతికి వచ్చిన తరువాతనే యంత్రమునకు బయానా ఇయ్యవలెను. కలపను నరుకుటకు, తరలించుటకు కూడ జాతిని బట్టి అనుమతులు వేరుగ ఉండును. కొన్ని జాతులకు మినహాయింపు కలదు. ఎర్రచందనపు ముక్కను మాత్రము ఎవరు తెచ్చినను షెడ్డులోనికి రానీయకుడు.

విద్యుత్తు విషయమున కూడ జాగ్రత్త అవసరము. బోరుబావికి ఇచ్చిన వ్యవసాయ కనెక్షనునుండి మిల్లుకు తీగ లాగుట నేరమగును. వేరు కనెక్షను తీసికొనవలెను, లేనిచో ఇంజనుతో నడుపుకొనవలెను.

కొలతలు ఎట్లు నిర్ణయించవలెను

చాలమంది తమకున్న స్థలమును బట్టియో, దొరికిన రేకులను బట్టియో షెడ్డు కట్టి, యంత్రమును తరువాత తెత్తురు. అప్పుడు దుంగ లోనికి పోవలసిన చోట సరిగా రాట అడ్డు వచ్చును. షెడ్డు కొలతకు మూలము యంత్రము కూడ కాదు, మీరు కోయదలచిన దుంగ.

ఈ చిన్న మిల్లులు ఎక్కువగ వడ్రంగులు బాండుసా అని పిలుచు పట్టీ రంపముతో పనిచేయును. దుంగ కదలక పడియుండును. రంపమున్న తల పట్టాలమీద దుంగ పొడవునా నడచును. గుండ్రని రంపము ఒక్కొక్క కోతకు పావు అంగుళము కలపను పొట్టు చేయగా, పట్టీ రంపము సుమారు పదవవంతు అంగుళమే తినును. పది కోతలు కోయుసరికి రెండున్నర అంగుళములు పోవలసిన చోట ఒక అంగుళము పోవుననుట చిన్న లాభము కాదు.

16 అడుగుల దుంగను కోయదలచితిరనుకొనుడు. దుంగ మొదట ఒకసారి, చివర ఒకసారి తల పూర్తిగ వెలుపలికి రావలెను గనుక పట్టాలు 21 అడుగులు ఉండవలెను. రెండు చివరల మనిషి తిరుగుటకు నాలుగున్నర అడుగుల చొప్పున వదలినచో షెడ్డు పొడవు 30 అడుగులగును. ఇక వెడల్పు: యంత్రమునకు 7 అడుగులు, పలకలు దించుకొను వెనుక భాగమునకు 6 అడుగులు, దుంగ ఎక్కించు ముందు భాగమునకు 7 అడుగులు, మొత్తము 20 అడుగులు. చూరు క్రింద ఎత్తు 10 అడుగులకు తగ్గరాదు. యంత్రమును బయటి ఊళ్లకు కూడ తీసికొనిపోదలచినచో ఒక చివర 9 అడుగుల దారిని ట్రాక్టరు కొరకు విడువవలెను.

ఈ లెక్క కాగితముమీద సరిపోయినంత మాత్రమున తృప్తిపడకుడు. కల్లములో ముగ్గు పోసి షెడ్డు గీతలు గీయుడు. రాటలు వచ్చు చోట కర్రలు పాతుడు. 16 అడుగుల వెదురును ఇద్దరు పట్టుకొని, దుంగను తెచ్చినట్లే తెచ్చి, తిప్పి, యంత్రము చోట దించుడు. కోసిన పలకను వెనుకకు మోసికొని పొండు. ఎక్కడ మోచేయి తగులునో, ఎక్కడ ఒకరికొకరు అడ్డమగుదురో అరగంటలో తెలిసిపోవును. పదుగురు కూర్చుండి పూటయంతయు చర్చించుటకంటె ఈ అరగంట మేలు.

దిక్కు, వెలుతురు, గాలి

షెడ్డు పొడవు తూర్పు పడమరలుగ ఉండుట మంచిది. ఉత్తరపు వైపు దుంగలు ఎక్కించుటకు పూర్తిగ తెరచి ఉంచినచో కంటికి గుచ్చుకొనని వెలుతురు దినమంతయు వచ్చును. పడమటి ఎండకు, నైరుతి జల్లుకు ఆ చివరను మూయవలెను గాని, గోడ కట్టవలదు, రేకులు బిగించవలదు. తాటాకు తడికలు కట్టుడు. తుపాను హెచ్చరిక వచ్చిననాడు త్రాళ్లు విప్పి వానిని తీసివేయవచ్చును. ఒక ప్రక్క మూసి మిగిలిన ప్రక్కలు తెరచిన షెడ్డులో గాలి చిక్కుకొని కప్పును ఎగదన్నును. అటు ఇటు దారి ఉన్నచో చాలవరకు వెళ్లిపోవును. ఇంజను పొగ లోపల నిలువకుండుటకు కూడ ప్రక్కలు తెరచియుండుటే మంచిది.

యంత్రము పొట్టును ఏ ప్రక్కకు చిమ్మునో కొనుటకు ముందే చూచుకొనవలెను. అది గాలికి ఎదురుగ చిమ్మినచో నడుపువాని కంటిలోనే పడును. యంత్రమును తిప్పి నిలుపుటకు వీలుకానిచో పొట్టు వచ్చు నోటికి గొట్టము తగిలించి షెడ్డు వెలుపలి గుంటలోనికి మళ్లించవలెను. పొట్టు చిమ్ము ఆ వైపున, రంపపు పట్టీకి సూటిగ, ఎవరిని నిలువనీయరాదు. పట్టీ తెగినప్పుడు పాము వలె ఎగిరిపడును.

రాటలు

ముందు వైపున నాలుగు, వెనుక వైపున నాలుగు, మొత్తము ఎనిమిది రాటలు చాలును. వెనుక వైపున 10 అడుగులకొకటి పాతవచ్చును. ముందు వైపున అట్లు పాతినచో 16 అడుగుల దుంగ లోనికి రాదు. అచ్చట మూలనుండి 5 అడుగుల దూరమున ఒకటి, రెండవ మూలనుండి 5 అడుగుల దూరమున ఒకటి పాతి, నడుమ 20 అడుగుల వాకిలి వదలవలెను. ఈ వాకిలి పైన ఇనుప కోణములతో అల్లిన బలమైన దూలము వేయించవలెను. నడిమి వాసపు చట్రములు రెండును దానిమీదనే కూర్చుండును గనుక ఇక్కడ పొదుపు చేయరాదు. షెడ్డు మొత్తములో ఇంజనీరు సలహా తప్పక కావలసిన భాగము ఇదే.

రాటలకు ఇనుప గొట్టములు, సిమెంటు స్తంభములు, రాతి కంబములు, చేవగల కలప, ఏవి మీ ప్రాంతమున చౌకగ దొరకునో అవి వాడవచ్చును. తాటి మాను వాడదలచినవారు అందులో బలమంతయు వెలుపలి పొరలోనే ఉన్నదని మరువరాదు. కలప ఏదైనను నేలలో పాతకుడు. రంపపు పొట్టు ఉన్న చోటికి చెదలు పిలువకయే వచ్చును. సిమెంటు దిమ్మలో ఇనుప పట్టీలు నిలిపి, నేలకు అర అడుగు పైన రాటను వానికి బోల్టులతో బిగించినచో చెద గూడు కట్టిన వెంటనే కంటబడును.

గాలి ఎత్తివేయు బరువు

షెడ్డు కప్పు క్రిందికి పడునని అందరును భయపడుదురు. నాలుగు ప్రక్కల తెరచిన రేకుల షెడ్డుకు అసలు భయము పైకి లేచిపోవుట. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలోను, 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖపట్టణములోను గాలి ఏమి చేయగలదో మనవారు చూచియున్నారు. ఎగిరిన రేకు కత్తితో సమానము. అది మీ షెడ్డుతో ఆగదు, ప్రక్క ఇంటి మీదికి పోవును.

అందుచేత ఈ లెక్క మీరే వేసి చూచుకొనుడు. కట్టడములకు మన దేశపు ప్రమాణములలో విశాఖపట్టణము, విజయవాడ, నెల్లూరు ప్రాంతములకు గాలి వేగము సెకనుకు 50 మీటర్లుగ తీసికొందురు. హైదరాబాదుకు 44, కర్నూలుకు 39. వేగమును వేగముతో హెచ్చించి, 0.6తో హెచ్చించినచో చదరపు మీటరుపై ఒత్తిడి న్యూటనులలో వచ్చును. 50ని 50తో, ఆపై 0.6తో హెచ్చించగా 1500. ఇది చదరపు అడుగుకు సుమారు 14 కిలోలు. చుట్టును రెండేసి అడుగుల చూరు వదలినచో మన షెడ్డు కప్పు 34 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు, అనగా 816 చదరపు అడుగులు. దానిని 14తో హెచ్చించిన 11,400 కిలోలకు పైబడును. రేకులు, చట్రములు అన్నియు కలిపి ఒక టన్ను బరువుండునని తీసివేసినను, పది టన్నులకు పైగా బలము కప్పును ఆకాశమునకు లాగుచుండును. ఎనిమిది రాటలకు పంచినచో రాట ఒక్కింటికి సగటున 1,300 కిలోలు. ముందు వాకిలికి ఇరుప్రక్కలనున్న రాటలు రెంటికిని వంతు ఎక్కువ; అవి రెండు టన్నుల వరకు తట్టుకొనగలిగి ఉండవలెను.

ఈ బరువును ఎదుర్కొనునది రాట క్రింది సిమెంటు దిమ్మ. ఘనపుటడుగు కాంక్రీటు సుమారు 68 కిలోలు తూగును. 3 అడుగుల చదరము, మూడున్నర అడుగుల లోతు గల దిమ్మ 2,100 కిలోలు దాటును. వాకిలి రాటలు రెంటికిని ఇది వేయవలెను. తక్కిన ఆరింటికి రెండున్నర అడుగుల చదరము, అదే లోతు చాలును. అది దాదాపు 1,500 కిలోలు. గుంటను అడుగున కొంచెము వెడల్పుగ త్రవ్వినచో చుట్టు మన్ను కూడ దిమ్మను పట్టియుంచును. రాట అడుగున అడ్డముగ ఇనుప కడ్డీలు దూర్చనిచో దిమ్మ భూమిలో ఉండగనే రాట ఊడి వచ్చును. దిమ్మలకైన సిమెంటు చూచి కొందరు ఇది ఇంటికి చాలునే అని ఆశ్చర్యపడుదురు. ఇంటికి గోడల బరువు ఉన్నది, షెడ్డుకు లేదు.

కప్పు వాలు 10 అడుగులకు 4 అడుగుల ఎత్తు చొప్పున రెండు ప్రక్కలకును ఉండవలెను. రేకులు ఆదా అగునని చప్పటి కప్పు వేయువారున్నారు. గాలికి అది తేలికగ లొంగును. రేకులు పట్టు అడ్డపట్టెలు 4 అడుగులకొకటి వేసినను, చూరు దగ్గరను, రెండు కొసలను దూరమును సగము చేయవలెను. రేకు మొదట లేచునది అచ్చటనే. బోల్టును రేకు మడత పైభాగముననే వేసి, రబ్బరు వాషరు తొడుగవలెను. పల్లములో వేసిన బోల్టు తప్పక కారును. రేకులను గాలి వచ్చు దిక్కునకు ఎదురు చివరనుండి మొదలుపెట్టి పరచినచో ఒకదాని అంచు క్రింద గాలి దూరదు.

ఇంకొక మాట. రాటలు బలముగ ఉన్నంతనే షెడ్డు బలముగ ఉండదు. కోళ్లు వదులైన నులకమంచమును ప్రక్కకు నెట్టి చూడుడు. కోడు విరుగదు, మంచము ఒరుగును. షెడ్డు కూడ అంతే. ముందు వైపు మూలలలో వదలిన 5 అడుగుల గళ్లు రెండు ఇందుకే పనికివచ్చును. వానిలోను, వెనుక వైపు కొస గళ్లలోను, పడమటి చివరను ఐమూలగ ఇనుప కోణములు బిగించుడు. ట్రాక్టరు దారి ఉన్న తూర్పు చివరను మాత్రము రాటకు దూలమునకు నడుమ మూల ఊతలు పెట్టిన చాలును.

నేల, పట్టాలు

నల్లరేగడి రైతులు ఈ భాగమును జాగ్రత్తగ చదువవలెను. రేగడి వానకు ఉబ్బును, ఎండకు పగులును. మీ కాలు పట్టునంత నెరియ పడు నేలపై పట్టాలు పరచినచో అవి ఋతువునకొక తీరున వంగును. పట్టా పావు అంగుళము వంగినచో పలక ఒక చివర ఒక మందము, వేరొక చివర ఇంకొక మందము వచ్చును. అట్టి పలకను కొన్న వడ్రంగి మరల మీ గడప త్రొక్కడు. పట్టాల క్రింద 3 అడుగుల లోతున రేగడిని తీసివేసి, మొరము, ఇసుక కలిపి అర అడుగు పొరలుగ పోసి, నీరు చల్లి దిమ్మిస చేయవలెను. ఆ పైన 4 అడుగులకొక సిమెంటు దిమ్మ. ఈ దిమ్మలను రాటల దిమ్మలతో కలుపరాదు. గాలికి షెడ్డు కదలినను యంత్రము కదలరాదు. యంత్రపు కాళ్లను కాంక్రీటులో పాతివేయక, ఎత్తు దించుకొనుటకు వీలుగ మరలు గల బోల్టులమీద నిలుపవలెను. రసమట్టము పొట్టి దూరమునకే నమ్మదగినది. 21 అడుగుల పట్టాలకు నీటి గొట్టముతో మట్టము చూచుట మేలు. వానకాలము మొదట, చివర, నడివేసవిలో ఒక్కొక్కసారి చూచినచో చాలును.

చుట్టును నేలను కంకరతో గట్టిచేసి, నడుపువాడు నడచు బాటను 3 అడుగుల వెడల్పున గరుకు సిమెంటుతో పూయవలెను. నున్నగ పూసినచో పొట్టు పడి జారును. షెడ్డు నేల చుట్టుప్రక్కలకంటె ఒక అడుగు ఎత్తుండవలెను.

20 అంగుళముల అడ్డుకొలత, 16 అడుగుల పొడవు గల పచ్చి జామాయిలు దుంగ ఇంచుమించు టన్ను తూగును. దీనిని ఎత్తుటకు కప్పుకు గొలుసు కట్టరాదు. మనము కట్టిన కప్పు పైకి లేవకుండుటకు కట్టినది, క్రిందికి వ్రేలాడు టన్ను బరువును మోయుటకు కాదు. ముందు వైపున యంత్రపు మంచమునకు సమమైన ఎత్తున రెండు బలమైన పట్టెలు వేసి, ట్రాక్టరునుండి దుంగలను వానిపైకి దించి, గడ్డపారలతో దొర్లించుకొనవలెను. ప్రతి దుంగకు రెండు ప్రక్కల ఆపుదిమ్మలు పెట్టుడు. దొర్లుచున్న దుంగకు ముందు మనిషి ఉండరాదు.

పలకలు, పొట్టు

కోసిన పలకలను మిల్లు షెడ్డులో ఆరబెట్టవలదు. ప్రక్కన వేరొక పందిరి వేసి, ఒక అంగుళపు పట్టీలను రెండు అడుగులకొకటి చొప్పున పెట్టుచు పేర్చవలెను. పై వరుస పట్టీ క్రింది వరుస పట్టీకి సరిగా మీదనే పడవలెను. లేనిచో పలకలు వంగును. చివరలకు రంగు పూసినచో నెరియలు తగ్గును.

పెట్రోలు, డీసెలు డబ్బాలు షెడ్డులో ఉంచరాదు. ఇసుక బకెట్లు నాలుగు, నీటి తొట్టి ఒకటి ఎప్పుడును నిండియుండవలెను. బీడీ ముట్టింపు వలదని పలక వ్రాసి కట్టుటయే గాక కట్టినవారే దానిని పాటించవలెను. కలప ధూళి క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధక సంఘము 1995లో నిర్ణయించినది. ముక్కుకు మాస్కు, కంటికి అద్దములు, చెవులకు బిరడాలు లేనివానిని యంత్రము దగ్గరకు రానీయకుడు.

ఇక మిగిలినది పొట్టు. దీనిని నేరుగ పొలములో చల్లు రైతులున్నారు. వ్యవసాయశాస్త్రము బోధించువాడనుగ ఈ పనిని నేను గట్టిగ వారింతును. రంపపు పొట్టులో కర్బనము నత్రజనికి కొన్ని వందల రెట్లు ఉండును. దానిని కుళ్లించు సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని నేలలోనుండియే లాగుకొనును. పైరు పచ్చబారిపోవును, రైతు తెగులనుకొని మందు కొట్టును. పొట్టును మొదట పశువుల కొట్టములో పరచుడు. మూత్రమును పీల్చి కొట్టము పొడిగ ఉండును, నత్రజనియు చేరును. అట్లు తడిసిన పొట్టును పేడతో కలిపి గుంటలో వేయవలెను. పశువులు చాలినన్ని లేనివారు 100 కిలోల ఎండు పొట్టుకు ఒక కిలో నత్రజని, అనగా రెండు కిలోల పైచిలుకు యూరియా, నీటిలో కరగించి పొరపొరకును చల్లవలెను. గుంటను నెలకొకసారి తిరుగవేసి, తేమ ఆరకుండ చూచుకొనుడు. కలప పొట్టు గడ్డి వలె త్వరగ చివుకదు. నల్లగ మారి, పిడికిట పట్టి నలిపినప్పుడు చెక్క గరుకు తగులకుండు వరకు పొలమునకు తోలరాదు.